చైన్ సా బాడీ బార్ దగ్గర పగిలింది, పుట్టీ నిలవడం లేదు, వెల్డింగ్ చేయించొచ్చా?

ఉద్దానం_తోట:

అందరికీ నమస్కారం. మాది కవిటి వైపు, కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పడిన చెట్లు కోయడానికి నాన్న ఒక చైన్ సా సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పుడు మా ఊళ్ళో ఎటు విన్నా ఆ మిషన్ల చప్పుడే, అద్దెకి దొరక్క కొందరి ఇళ్ళ మీద చెట్లు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఆ మిషనే వాడుతున్నాం. పెద్దదే, లోహపు బాడీ, బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) 20 అంగుళాలు.

పోయిన నెల ఎండిపోయిన పనస చెట్టు మొదలు కోస్తుంటే బార్ కొంచెం ఊగుతోందని నాన్న అన్నారు. ఆపి సైడ్ కవర్ తీసి రంపప్పొట్టు దులిపి చూస్తే, బార్‌ని పట్టి ఉంచే రెండు స్టడ్లలో (తల లేని బోల్టుల్లో) వెనక దాని మొదట్లోంచి కిందికి, చైన్ ఆయిల్ ట్యాంకు వైపు, వెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. మూడు సెంటీమీటర్లు ఉంటుంది. రాత్రి అట్ట మీద పెడితే పొద్దుటికి అరచేయంత ఆయిల్ మరక.

మా దగ్గర ఒకాయన పిసికి పెట్టే ఎపాక్సీ పుట్టీ వేశారు. రెండో రోజు కోతలోనే ఊడి వచ్చేసింది, తిప్పి చూస్తే అతికిన వైపంతా జిడ్డు. ఇప్పుడు ఒకరు ఆర్గాన్ వెల్డింగ్ కొట్టించు, అల్యూమినియమే కదా అంటున్నారు, ఇంకొకరు దానికి వెల్డింగ్ పెడితే బాడీ మొత్తం అంటుకుని కాలిపోతుందని భయపెడుతున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. ఇంకో విషయం, ఈ మధ్య రేస్ వదిలేసినా ఇంజన్ వెంటనే దిగడం లేదు, ఒక్కోసారి అదే పైకి లేస్తోంది. దీనికీ పగులుకీ సంబంధం ఉందా? కొత్త మిషన్ కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు:

మిగతావి తర్వాత, ముందు ఆ మిషన్ స్టార్ట్ చేయడం ఆపండి. స్టడ్ కదులుతుందంటే బార్ కదులుతుంది, బార్ కదిలితే చైన్ ఊడుతుంది. ఊడిన చైన్ కుడి చేతి వైపే కొరడాలా వస్తుంది. మా బాబాయికి అలాగే బొటనవేలు చీరుకుపోయింది, అది కూడా "ఈ ఒక్క చెట్టూ అయ్యాక చూద్దాం" అనుకున్న రోజే.

పాత_మెకానిక్:

తమ్ముడూ, నేను పాతికేళ్ళుగా పంపుసెట్లు, స్ప్రేయర్లు, రంపం మిషన్లు బాగు చేస్తున్నాను. పగులు అతకడం రెండో పని. అది ఎక్కడి దాకా పోయిందో తెలుసుకోవడం మొదటి పని. కంటికి కనిపించేది మూడు సెంటీమీటర్లే కావచ్చు, పెయింటు కింద ఇంకా ఎంత ఉందో చూడందే తెలియదు.

దీనికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. ఆ చోటంతా పెట్రోలుతో బ్రష్ పెట్టి కడిగి ఆరనివ్వు. కిరోసిన్‌లో గుడ్డ ముంచి పగులు మీద రాసి పావుగంట వదిలెయ్. తర్వాత పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, పైన చాక్‌పీసు పొడి పల్చగా చల్లు. పగుల్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా బయటికి ఊరుతుంది, తెల్ల పొడి మీద పెన్సిలుతో గీసినట్టు తడి గీత తేలుతుంది. ఆ గీత ఎక్కడ ఆగిందో అదే పగులు అసలు చివర. అక్కడ సూదితో గుర్తు పెట్టుకో.

ఇప్పుడు నీ రేస్ సంగతి. నాకు ఎక్కువ భయం దాని గురించే. మన మిషన్లు టూ స్ట్రోక్. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం నేరుగా బోరులోకి, అంటే సిలిండర్‌లోకి పోదు, ముందు కింద క్రాంక్ తిరిగే గదిలోకి వస్తుంది, పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ ఒత్తిడికి పైకి పోతుంది. అందుకే ఆ గదికి గాలి చొరబడే సందు ఉండకూడదు. పగులు అక్కడి దాకా పోయిందంటే అందులోంచి అదనంగా గాలి లాగుతుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ తనంతట తానే రేస్ అవుతుంది. మనకి ఆయిల్ కూడా పెట్రోలుతోనే కదా వచ్చేది, అదీ తగ్గుతుంది. ప్లగ్గు తీసి చూడు, గోధుమ రంగులో కాకుండా తెల్లగా మాడినట్టు ఉంటే గాలి లాగుతున్నట్టే. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడు, నిలువు గీతలు పడ్డాయంటే అప్పటికే దెబ్బ తగిలింది.

కానీ గాలి లాగడానికి పగులు ఒక్కటే కారణం కాదు. క్రాంక్ రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్ళు అరిగినా ఇదే కథ, కార్బురేటర్‌కి బోరుకి మధ్య ఉండే రబ్బరు చిట్లినా ఇదే కథ. అందుకని ప్రెషర్ టెస్ట్ చేయాలి. కంపెనీ సర్వీసు వాళ్ళు సాధారణంగా 0.5 బార్ (ఇది గాలి ఒత్తిడి కొలత, చైన్ తిరిగే బార్ కాదు) గాలి ఎక్కించి 20 సెకన్లు నిలుస్తుందా అని చూస్తారు. ఆ పంపు మన దగ్గర ఉండదు గానీ, ఇంట్లో బీపీ చూసే పాత మిషన్, అంటే చేత్తో నొక్కే బల్బు, గడియారం ఉన్నది ఉంటే చాలు. అది 300 మిల్లీమీటర్ల పాదరసం దాకా చూపిస్తుంది, లెక్క వేస్తే 0.4 బార్ అవుతుంది. సైలెన్సర్ చోట, కార్బురేటర్ చోట సైకిల్ ట్యూబ్ ముక్కలు కత్తిరించి రేకు ముక్కతో నొక్కి బిగించు, క్రాంక్ గది ఒత్తిడిని కార్బురేటర్‌కి చేరవేసే సన్నటి ఇంపల్స్ రంధ్రం కూడా మూసెయ్, ప్లగ్గు దాని చోట ఉండాలి. ఒక చోట ట్యూబుకి చిన్న గొట్టం పెట్టి బల్బు నొక్కు. ముల్లు నిలబడితే గది బాగున్నట్టు. దిగిపోతుంటే సబ్బు నురగ పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడు.

ఇవి రెండూ చేసి ఇక్కడ రాయి. అప్పుడు అతకాలా, బాడీ మార్చాలా మాట్లాడదాం.

ఆర్గాన్_పని:

వెల్డింగ్ గురించి నేను చెప్తాను, నా పని అదే, గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల బైకు ఇంజన్లు, అల్లాయ్ చక్రాలు చేస్తుంటాను.

అన్నా, మీకు చెప్పిన రెండు మాటల్లోనూ సగం సగమే నిజం. పెద్ద చైన్ సాల లోహపు బాడీ చాలావరకు అల్యూమినియం కాదు, మెగ్నీషియం అల్లాయ్. హస్క్‌వర్నా కంపెనీ 372 కానివ్వండి, స్టిల్ కంపెనీలో ఎంఎస్ 361 సైజు మిషన్లు కానివ్వండి, బరువు తగ్గాలని అదే వాడతారు. ఘనపు సెంటీమీటరుకి మెగ్నీషియం 1.74 గ్రాములు, అల్యూమినియం 2.7, చేత్తో ఎత్తి రోజంతా కోసే మిషన్‌కి ఆ తేడా చాలా పెద్దది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే మా వాళ్ళు చాలామంది అల్యూమినియం రాడ్డే పెట్టి కొట్టేస్తారు. అతికినట్టే కనిపిస్తుంది. రెండు లోహాలూ కలిసిన చోట గాజులా పెళుసు పదార్థం తయారవుతుంది, చల్లారుతుండగానే టిక్కుమని పక్కనుంచి చీలుతుంది, లేదంటే మొదటి కోతలో విడిపోతుంది. మొదట్లో నేనూ ఒక కస్టమర్ బాడీని ఇలాగే పాడు చేసి డబ్బులు తిరిగిచ్చాను, అప్పటి నుంచి పరీక్ష చేయకుండా టార్చి పట్టుకోను.

పరీక్ష చాలా తేలిక. బయటికి కనపడని చోట ఆకురాయితో పెయింటు పోయేదాకా నాలుగు గీతలు గీసి, మెరిసే లోహం మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియం అయితే సోడా సీసా మూత తీసినట్టు వెంటనే బుసబుసా బుడగలు వస్తాయి. అల్యూమినియం అయితే చుక్క అలాగే కూర్చుంటుంది. చూశాక నీళ్ళతో కడిగేయండి.

అంటుకుంటుందన్న భయం సంగతి. దిమ్మగా ఉన్న మెగ్నీషియం కరిగే వేడి దాకా వెళ్తే గానీ అంటుకోదు, వెల్డింగ్ పడే చోట ఆర్గాన్ వాయువు కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ గాలి తగలదు. ప్రమాదం పొడితో. ఆకురాయి పట్టిన పొడి, గ్రైండర్ దుమ్ము పోగుపడి దాని మీద నిప్పురవ్వ పడిందంటే కళ్ళు చెదిరే తెల్లటి మంట లేస్తుంది. దాని మీద నీళ్ళు అస్సలు పోయకూడదు, ఇంకా భగ్గుమంటుంది, పొడి ఇసుక కప్పాలి. నేను ఈ పని చేసే రోజు పక్కన బక్కెట్టు పొడి ఇసుక పెట్టుకుంటాను, ఊడ్చిన పొడి అప్పటికప్పుడు బయట పారేస్తాను. ఇంతకన్నా పెద్ద ప్రమాదం పెట్రోలు ట్యాంకు. ఈ మిషన్లలో చాలావాటికి ఆయిల్ ట్యాంకు, కొన్నిటికి పెట్రోలు ట్యాంకు కూడా బాడీలోనే పోత పోసి ఉంటాయి. ఖాళీ చేశాం కదా అని టార్చి పెడితే లోపలున్న ఆవిరి పేలుతుంది. బాడీ మొత్తం విప్పి, క్రాంక్, బేరింగులు, సీళ్ళు, రబ్బర్లు తీసేసి, సబ్బు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, మూతలు తెరిచి తీసుకురండి. మిషన్‌ని అలాగే తెచ్చి కౌంటరు మీద పెడితే నేనైతే పట్టుకోను, పట్టుకుంటానన్నవాడి దగ్గరికి మీరూ వెళ్ళకండి.

షాపులో అడగాల్సింది ఒకే ఒక ప్రశ్న: "మెగ్నీషియం రాడ్డు ఉందా?" ఏజెడ్ 61 గానీ ఏజెడ్ 92 గానీ అని చెప్పండి. ఉందంటే చేసిన అనుభవం ఉన్నట్టే. లేదు, అల్యూమినియం రాడ్డుతోనే చేసేస్తాం అంటే దండం పెట్టి వచ్చేయండి.

సుబాబుల్_ఖమ్మం:

ఇది చదివేవాళ్ళలో చిన్న మిషన్లు ఉన్నవాళ్ళు కూడా ఉంటారని రాస్తున్నా. స్టిల్ ఎంఎస్ 180 లాంటి వాటికి బాడీ ప్లాస్టిక్, దానికి ఈ వెల్డింగ్ గోలేమీ వర్తించదు. ప్లాస్టిక్ బాడీ లోపలి వైపు చూస్తే చిన్న అక్షరాల్లో పీఏ 6, జీఎఫ్ 30 అని అచ్చు ఉండొచ్చు. అంటే గాజు పీచు కలిపిన నైలాన్. నైలాన్‌కి ఫెవిక్విక్ లాంటివి, పుట్టీలు పట్టినట్టే పట్టి వదిలేస్తాయి. నేను నాది ఇలా అతికించాను: పగులు ఇంకా పాకకుండా రెండు చివరలా 2 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, లోపలి వైపు నుంచి సోల్డరింగ్ ఐరన్‌తో స్టీలు జాలీ ముక్కని నైలాన్‌లోకి వేడిగా దిగేసి, పైన అదే రకం ప్లాస్టిక్ పుల్ల కరిగించి నింపాను. సుబాబుల్ కొమ్మలు కోస్తూ రెండు సీజన్లు వాడాను, కదల్లేదు. కాకపోతే అది వెనక హ్యాండిల్ కింద అంచు, బరువు పడని చోటు. హ్యాండిల్ కాలు, చేతి ముందుండే బ్రేకు కవచం, తెగిన చైన్‌ని ఆపే చిన్న కొక్కెం, ఈ మూడింట్లో ఏది పగిలినా అతికించొద్దు, కొత్తది కొనండి. అవి ఉన్నదే మన చేతులు కాపాడటానికి.

ఉద్దానం_తోట:

అందరికీ చాలా చాలా థాంక్స్. మెకానిక్ అన్నా, మీరు చెప్పినట్టే చేశాను.

చాక్ పొడి పరీక్ష చూసి నాన్న కూడా పక్కన కూర్చుండిపోయారు. పది నిమిషాల్లో గీత తేలింది, మూడు కాదు అయిదు సెంటీమీటర్లు. స్టడ్ దగ్గర మొదలై ఆయిల్ ట్యాంకు గోడ మీదుగా వంపు తిరిగి కింది అంచుకి రెండు వేళ్ళ ముందు ఆగింది. క్రాంక్ గది వైపు పోలేదు.

వెనిగర్ చుక్క వేశాను, బుసబుసా పొంగింది. మెగ్నీషియమే.

బీపీ మిషన్ మా పిన్ని దగ్గర పాతది ఉంటే తెచ్చాను. మొదటిసారి ముల్లు నిలబడలేదు, ట్యూబు ముక్క సరిగ్గా కూర్చోలేదు. మళ్ళీ బిగిస్తే 300 నుంచి మెల్లగా దిగుతోంది. సబ్బు నురగ పూస్తే పగులు దగ్గర ఒక్క బుడగ కూడా లేదు, క్లచ్ వెనక ఉన్న ఆయిల్ సీల్ చుట్టూ మాత్రం చిన్న చిన్న బుడగలు. అంటే రేస్ అవ్వడానికి ఆ సీల్ కారణమన్న మాట. ప్లగ్గు తెల్లగానే ఉంది. పిస్టన్ మీద గీతలు లేవు, అదొక్కటీ ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది.

ఇప్పుడు నా ప్రశ్న, పగులు ఆయిల్ ట్యాంకు గోడ మీదే కాబట్టి మంచి రకం మెటల్ ఎపాక్సీతో సరిపెట్టొచ్చా?

పాత_మెకానిక్:

శ్రద్ధగా చేశావు తమ్ముడూ. పగులు ట్యాంకు గోడకే ఉండి ఉంటే నేనే ఎపాక్సీ పెట్టుకోమనేవాణ్ణి. చైన్ ఆయిల్‌కి ఒత్తిడి ఉండదు, పెట్రోలులా కరిగించే గుణమూ ఉండదు. జిడ్డు మీద పెట్టడం వల్లే నీకు మొదటిసారి ఊడింది. పోత లోహం జిడ్డు పీల్చుకుని ఉంటుంది, థిన్నరుతో కడిగి, హాట్ గన్‌తో వేడి చేస్తే లోపలి ఆయిల్ చెమటలా పైకి వస్తుంది, మళ్ళీ కడగాలి, చెమట ఆగేదాకా అలా చేసి, పగులుని వి ఆకారంలో తవ్వి, గరుకు చేసి పెడితే ఏళ్ళు నిలుస్తుంది.

కానీ నీది స్టడ్ మొదట్లో మొదలైంది. బార్ మీద పడే బలమంతా ఆ రెండు స్టడ్ల మీదే. అక్కడ ఏ జిగురూ పనికిరాదు. స్టడ్ దగ్గర వెల్డింగ్ గానీ, బాడీ మార్చడం గానీ, రెండే దారులు. బాడీ కొంటే చాలా మోడళ్ళకి రెండు సగాలూ జతగానే తీసుకోవాలి, బేరింగ్ గూళ్ళు రెండూ కలిపి కోసినవి కాబట్టి ఒక సగం కొత్తదీ ఒక సగం పాతదీ కూర్చోవు. పైగా సీల్ మార్చడానికి క్లచ్ ఎలాగూ విప్పాలి. విప్పేటప్పుడు ఆ స్టడ్‌ని బయటికి తీసి నాకు దాని పొడవు చెప్పు, రెండో స్టడ్ పొడవు కూడా చెప్పు.

ఆర్గాన్_పని:

వెల్డింగ్‌కి తెచ్చేటప్పుడు రెండు సగాలూ బోల్టులు బిగించి తీసుకురండి, విడిగా వేడి చేస్తే వంగుతాయి, తర్వాత బేరింగ్ సరిగ్గా కూర్చోదు. పగులు చివర బెజ్జం మీరు వేయకండి, ఆ పొడి సంగతి నేను చెప్పాను కదా, చేసేవాళ్ళనే వేయనివ్వండి.

ఉద్దానం_తోట:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి, జీడి పనులు.

మెకానిక్ అన్నా, మీరు స్టడ్ పొడవు ఎందుకు అడిగారో విప్పాక అర్థమైంది. పగులున్న వైపు స్టడ్ రెండో దానికన్నా 4 మిల్లీమీటర్లు పొడవు. అసలు స్టడ్ ఎప్పుడో పోతే మాకు అమ్మినాయన ఏదో బోల్టు తల కోసి పెట్టినట్టున్నారు. దాని కొస బెజ్జం అడుగుకి తగిలి నలిగిపోయి ఉంది. అడుగున ఆయిలూ రంపప్పొట్టూ గట్టిగా కూరుకుని ఉన్నాయి, పిన్నీసుతో తవ్వితే నల్లటి మైనంలా వచ్చింది. మేం ప్రతిసారీ పొడవాటి స్పానర్‌తో బలం కొద్దీ బిగిస్తుంటే ఆ ఒత్తిడి అంతా లోపలి నుంచి బాడీ మీద పడిందన్నమాట. ఇన్నేళ్ళూ పగలకపోవడమే ఆశ్చర్యం.

వెల్డింగ్‌కి మొదట వెళ్ళిన షాపులో అల్యూమినియం రాడ్డుతో అరగంటలో ఇస్తాం అన్నారు. వెనిగర్ సీసా జేబులోనే పెట్టుకుని వెళ్ళాను, చుక్క వేసి చూపించాను, మాకొద్దు అన్నారు. రెండో చోట పెద్దాయన ఒకరు రాడ్డు తీసి ముందు నాకు చూపించారు. బాడీ మెల్లగా వేడి చేసి, పగులు తవ్వి, రెండు విడతల్లో చేశారు. బార్ ఆనే చదును మళ్ళీ ఆకురాయితో సమం చేసి, మర కొత్తగా కట్ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి ట్యాంకులో ఆయిల్ పోసి రాత్రంతా కాగితం మీద పెట్టాను. ఒక చోట గుండుసూది మొనంత చుక్క. దానికి మీరు చెప్పినట్టు చెమట ఆగేదాకా కడిగి, వేడి చేసి, ఎపాక్సీ పెట్టి ఒక రోజంతా కదపకుండా వదిలేశాను. ఇప్పుడు కాగితం తెల్లగా ఉంది. ఆయిల్ సీళ్ళు రెండూ కొత్తవి, స్టడ్లు రెండూ ఒకే పొడవువి. బీపీ ముల్లు 300 మీద కదలకుండా నిలబడింది, నాన్న ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టారు. రేస్ వదిలితే వెంటనే దిగుతోంది.

నిన్న ఎండిన కొబ్బరి చెట్లు రెండు కోశాం. ఒక్కటే అడగాలి, బార్ నట్లు ఇక మీదట ఎంత బిగించాలి?

పాత_మెకానిక్:

మిషన్‌తో ఇచ్చే చిన్న పానా ఉంటుంది కదా, దానితో చేతి మణికట్టు బలం చాలు, దానికి గొట్టం తగిలించొద్దు, ఆ పొడవాటి స్పానర్ ఇక ఈ మిషన్ దగ్గరికి తేవద్దు. బిగించేటప్పుడు బార్ ముక్కు పైకెత్తి పట్టుకో, లేకపోతే నట్టు బిగిసినట్టే ఉండి కోతలో బార్ పైకి జరిగి చైన్ వదులవుతుంది. అప్పుడు మనం నట్టు సరిపోలేదేమో అనుకుని ఇంకా బిగిస్తాం. కొబ్బరి మానులో ఇసుక లాంటి గరుకు పదార్థం ఉంటుంది, పది కోతలకే పన్ను మొద్దుబారుతుంది, చెట్టుకోసారి ఆకురాయి పట్టు, మొద్దు చైన్‌తో నొక్కి కోస్తే ఆ బలమూ స్టడ్ల మీదే. మొదటి పది రోజులూ సాయంత్రం కవర్ తీసి వెల్డింగ్ పక్కన పెయింటు చిట్లిందేమో చూడు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.